పాదం మరిచిపోని కారు: ఒక కేస్ స్టడీ

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు వీలైనంతవరకు సొంతంగా చేసుకునేలా సాయపడేదాన్ని. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లతో, ఎక్కువగా వాళ్ల ఇళ్లకే వెళ్లి పనిచేస్తాను. ఈ కేసు గురించి రాయడానికి పెద్దాయన కూతురు ఒప్పుకుంది. రాసింది చదివి రెండు చోట్ల నన్ను సరిదిద్దింది కూడా. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నేను మాస్టారూ అనే పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను.

నన్నెందుకు పిలిచారంటే

మాస్టారికి 81 ఏళ్లు. అల్జైమర్స్ అని తేలి నాలుగేళ్లయింది, నేను చూసేనాటికి జబ్బు మధ్య దశలో ఉంది. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. తిండి, నడక బాగానే ఉన్నాయి. ఇబ్బంది రెండు విషయాల్లో. పగలంతా ఒక్క మాట ఉండదు. సాయంత్రం అయిదు దాటితే మాత్రం కుర్చీలో నిలవరు. లేచి, చొక్కా జేబు, ప్యాంటు జేబులు తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. చీకటి పడే వేళ ఇలాంటి అలజడి ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది.

"ఇంటి తాళాలు వెతుకుతున్నారేమో అనుకుంటాం మేడమ్. చేతిలో పెడితే చూసి పక్కన పడేస్తారు," అంది కూతురు. కాసేపాగి, "క్లాసులో ముప్పై అయిదేళ్లు గొంతు చించుకున్న మనిషి. ఆ మాటలన్నీ ఏమైపోయాయో," అంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లతో ఒక జాబితా రాయిస్తాను: ఆయనకి ఏమంటే ఇష్టం, చేతులతో ఏ పనులు చేసేవారు, ఎవరి పేరు వింటే ముఖం మారుతుంది. ఆవిడ రేడియో రాసింది, పద్యాలు రాసింది, తోటపని రాసి కొట్టేసింది. కలం మూత పెట్టబోతూ చివర్లో "కారు" అని రాసింది.

మాస్టారు 23వ ఏట, 1966లో, పాత బండి ఒకటి కొన్నారు. 1959 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1977లో అమ్మేశారు. ఆ తర్వాత మూడు కార్లు మార్చినా కథలన్నీ ఆ మొదటిదాని చుట్టూనే తిరిగేవట. కూతురికి కూడా అది కొంచెం గుర్తు. వెనక సీటుకీ వెనక అద్దానికీ మధ్య సామాను పెట్టుకునే చిన్న గుంటలాంటి చోటు ఉంటుంది. అయిదేళ్ల పిల్ల సరిగ్గా పడుతుంది అందులో. ఇంజను వెనకే కాబట్టి అక్కడ వెచ్చగా ఉండేది. "నిద్రపట్టాలంటే నన్నందులో పడుకోబెట్టేవారు. ఇంజను చప్పుడు వీపులోకి వచ్చేది," అంది. సీటుబెల్టులు లేని కాలపు సంగతి. ఇప్పుడెవరూ చెయ్యకూడని పనే. కానీ ఆ వెచ్చదనం చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది.

దేనితో మొదలుపెట్టాలన్నది నాకు అక్కడే తేలిపోయింది. నడివయసు దాటినవాళ్లని జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులోవి మిగతావాటికన్నా దట్టంగా వస్తాయి. మనస్తత్వ శాస్త్రంలో బాగా స్థిరపడిన విషయమిది. మొదటి ఉద్యోగం, పెళ్లి, మొదటి బిడ్డ, అన్నీ ఆ ఏళ్లలోనే పడతాయి కదా. మాస్టారి విషయంలో అవన్నీ ఆ ఒక్క బండిలోనే జరిగాయి. పెళ్లికూతుర్ని ఇంటికి తెచ్చింది అందులో, పాపాయిని ఆసుపత్రి నుంచి తెచ్చింది అందులో. పైగా అల్జైమర్స్‌లో నిన్నటిది ముందు పోతుంది, పాతది చాలాకాలం నిలుస్తుంది.

వస్తువుని సరిగ్గానే ఎంచుకున్నాను. దాన్ని వాడుకోవడంలో తప్పు చేశాను.

ఆల్బమ్

రెండోసారి వెళ్లినప్పుడు కూతురు ఆల్బమ్ తీసిపెట్టింది. గుండ్రటి ముందుభాగం మీద చెయ్యి ఆనించి నిలబడ్డ యువకుడు, పక్కన కళ్లు చిట్లించి నవ్వుతున్న అమ్మాయి. నేను ఉత్సాహంగా అడిగాను: "ఇది ఏ కారు మాస్టారూ? ఎప్పుడు కొన్నారు?"

ఆయన ఫోటో వైపు చూశారు. తర్వాత కూతురి వైపు చూశారు, జవాబు అందిస్తుందేమోనని. క్లాసులో పాఠం రాని పిల్లాడు పక్కవాడి వైపు చూసినట్టే ఉంది ఆ చూపు. నేను ఆగలేదు. "పక్కన ఉన్నదెవరు?" అని కూడా అడిగాను. "తెలీదు," అన్నారు. ఆల్బమ్ మూసి, దాని అంచులు సమంగా సర్ది, "ఇవాళ్టికి చాలు," అని లేచిపోయారు.

జీవితమంతా ప్రశ్నలడిగిన మనిషిని తీసుకెళ్లి బోనులో నిలబెట్టాను. ఆ సాయంత్రం అలజడి మామూలు కంటే ఎక్కువగా ఉందని మర్నాడు కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఇది ఎవరి తప్పో రాసుకోవాల్సి వస్తే నాదే.

పాత జ్ఞాపకాలు మాట్లాడించడం మంచిదన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ముసలివాళ్లు గతం తలుచుకుంటూ కూర్చోవడాన్ని వైద్యులు కూడా క్షీణతకి గుర్తుగా చూసే రోజుల్లో, 1963లో, రాబర్ట్ బట్లర్ అనే మనోవైద్యుడు అది జీవితాన్ని సమీక్షించుకునే సహజమైన పని అని రాశాడు. ఈ పద్ధతికి వేళ్లు అక్కడున్నాయి. అయితే మేమంతా దాన్ని ఫోటోలకీ పేర్లకీ సంవత్సరాలకీ కుదించేశాం. "ఏమిటి, ఎప్పుడు, ఎవరు" అనే ప్రశ్నలకి జవాబు మెదడులో హిప్పోక్యాంపస్ మీద, దాని చుట్టుపక్కల భాగాల మీద ఆధారపడి ఉంటుంది. అల్జైమర్స్ మొట్టమొదట దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. విరిగిన కాలుతో పరిగెత్తమన్నట్టు ఉంది నా పని.

"ఎలా" అనే ప్రశ్న వేరు. దాని జవాబు మాటల్లో ఉండదు, చేతుల్లో కాళ్లలో ఉంటుంది. ఈ తేడాని స్పష్టంగా చూపించిన మనిషి హెన్రీ మొలైసన్. 1953లో మూర్ఛలు తగ్గించడానికి చేసిన ఆపరేషన్‌లో హిప్పోక్యాంపస్ చాలావరకు తీసేశాక కొత్త సంగతి ఏదీ అతనికి గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. కానీ ఆ పని ముందెప్పుడైనా చేసినట్టు మాత్రం అతనికి గుర్తులేదు. చెయ్యి నేర్చుకున్నది మనిషికి తెలియాల్సిన పని లేదన్నమాట. ఇదంతా నేను పరీక్షలకి చదివి రాసినదే. ఒక పెద్దాయన ఆల్బమ్ మూసేస్తే తప్ప నాకు పనికి రాలేదు.

వాసన, చప్పుడు

తర్వాతి వారం నుంచి దారి మార్చాను. ఈ కారుతో ఒక సౌకర్యం ఉంది. 2003లో తయారీ ఆగేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిళ్లు వచ్చాయి. అందుకని పాత మాన్యువల్ దొరుకుతుంది, ఇంజను చప్పుడు రికార్డింగులు దొరుకుతాయి, బండిని ఇంకా కాపాడుకుంటున్నవాళ్లూ దొరుకుతారు. అలాంటి ఒకాయన తన బండి సీటులోంచి ఊడివచ్చిన పీచు ముక్క ఒకటి ఇచ్చారు. పాత బీటిల్‌లో కూర్చున్నవాళ్లెవరికైనా ఆ వాసన తెలుసు: పీచు, రబ్బరు, వేడెక్కిన నూనె కలిసిన వాసన. వాసనకీ జ్ఞాపకానికీ ఉన్న దగ్గరితనం గురించి ఎంతో చదివి ఉన్నాను కాబట్టి చాలా ఆశపెట్టుకున్నాను.

మాస్టారు దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, బల్ల మీద మర్యాదగా పెట్టేశారు. అంతే.

కారణం నాకు ముందే తట్టాల్సింది. వాసన పసిగట్టే శక్తి ఈ జబ్బులో చాలా తొందరగా, కొందరికి మతిమరుపు కంటే ముందే, తగ్గిపోతుంది. ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఒక మాట. వాసనతో మొదలుపెట్టే ముందు, ఇంట్లో ఏదైనా మాడితే ఆయన పసిగడుతున్నారా అని అడగండి. ఇంకొకటి, పెట్రోలు వాసన చూపిద్దామని సీసాలో తీసుకెళ్లే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

అదే రోజు చప్పుడు వినిపించాను. గాలితో చల్లబడే ఆ నాలుగు సిలిండర్ల ఇంజనుకి రేడియేటరు లేదు, చుట్టూ నీటి తొడుగు లేదు. అందుకే లోపలి శబ్దాలన్నీ బయటికి వినిపిస్తాయి. రికార్డింగు మొదలై పది సెకన్లు కాలేదు, మాస్టారి తల పక్కకి వాలింది. డాక్టరు గుండె విన్నట్టు విన్నారు.

"టాపెట్లు," అన్నారు.

నేను ఊపిరి బిగబట్టాను.

"టాపెట్లు సర్దాలి. చల్లారాక. వేడి మీద ముట్టుకోకూడదు." కుడి బొటనవేలు గాల్లో దేన్నో కిందికి నొక్కింది. తర్వాత మాన్యువల్ చూస్తే తెలిసింది. టాపెట్లంటే వాల్వుల్ని తెరిచే భాగాలు. ఆ ఇంజనులో వాల్వుల మీద మూతకి బోల్టులుండవు, గట్టి ఇనుప తీగ కొక్కెం ఒకటి పట్టి ఉంచుతుంది. బొటనవేలితో నొక్కితే టక్కున జారుతుంది. ఆయన ఆ మూత తీస్తున్నారు. "ఒకటి, నాలుగు, మూడు, రెండు," అని లెక్కపెట్టారు. ఆ ఇంజనులో సిలిండర్లు మండే వరస అది. అదే వారం ఆయన మనవరాలి పేరు చెప్పలేకపోయారు.

తిప్పారా?

అసలు సంగతి నాలుగో వారంలో జరిగింది. ఆ రోజు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ల ముందు మూడు చెక్కదిమ్మలు పెట్టాను: క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు. ఎడమ పక్కన ఆయన చేతికర్రనే గేరు రాడ్‌గా పట్టుకున్నాను. ప్రశ్న ఒక్కటే: "చలికాలం పొద్దున్నే బండి ఎలా తీసేవారు మాస్టారూ?"

ఆయన నోటితో జవాబివ్వలేదు. చెయ్యి ముందుకి వెళ్లి చోకు లాగింది. చల్లటి ఇంజను అంటుకోవడానికి పెట్రోలు పాలు పెంచే పిడి అది; 1960 దాకా ఈ కారుకి దాన్ని చేత్తోనే లాగాలి. తాళం తిప్పారు. తల కొంచెం వంచి విన్నారు, పాదం యాక్సిలరేటరు మీద రెండుసార్లు మెత్తగా ఆడింది, చోకు సగం లోపలికి తోశారు. క్లచ్ తొక్కి, కర్రని ఫస్టులోకి వేశారు. ముఖంలో ఏ తడబాటూ లేదు. చొక్కా గుండీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రోజూ అవస్థ పడే చేతులవి.

ఉన్నట్టుండి ఆయన ఎడమ కాలు క్లచ్ దిమ్మ మీంచి లేచి, ఇంకా ఎడమకి, కొంచెం పైకి చాచుకుని, బొటనవేలితో గాల్లో దేన్నో పక్కకి తోసింది. పాదం మళ్లీ క్లచ్ మీదికి వచ్చేసింది. నేను అక్కడ ఏమీ పెట్టలేదు. కాలు తిమ్మిరెక్కిందేమో అనుకుని అలాగే రాసుకున్నాను. పావుగంటలో ఇంకో రెండుసార్లు అదే చేశారు. మూడోసారి చేశాక, "ఆఁ, ఇంక వెళ్తుంది," అన్నారు.

ఆ రాత్రి మాన్యువల్ ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది. 1961కి ముందు వచ్చిన బీటిళ్లకి పెట్రోలు మీటరే లేదు. ట్యాంకులో ఎంతుందో నడిపేవాడి లెక్కలోనే ఉండాలి. దారిలో ఇంజను నసిగి ఆగబోతే, కాళ్ల దగ్గర ముందు గోడకి ఉన్న చిన్న మీటని కాలితో తిప్పాలి. అప్పుడు ట్యాంకు అడుగున దాచినట్టుండే సుమారు 5 లీటర్లు దిగుతాయి. కిటుకేమిటంటే, మళ్లీ పెట్రోలు కొట్టించాక ఆ మీటని మొదటి స్థానానికి తిప్పెయ్యాలి. మరిచిపోతే మరుసటిసారి రిజర్వు అంటూ మిగలదు. బండి నిజంగానే ఆగిపోతుంది.

మర్నాడు కూతురికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

"అమ్మ ఎప్పుడూ నాన్నని ఒక మాట అడిగేది మేడమ్," అంది చివరికి. "గుమ్మం దాటుతుంటే చాలు, 'తిప్పారా?' అనేది. బడికి వెళ్తున్నా, ఊరికి వెళ్తున్నా, ఆఖరికి ఆసుపత్రిలో ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నా, 'తిప్పారా?' ఆయన 'తిప్పాను' అనేవారు. మేం గ్యాసు నాబ్ అనుకునేవాళ్లం, తాళం అనుకునేవాళ్లం. పెద్దయ్యాక అసలు పట్టించుకోవడం మానేశాం. వాళ్లిద్దరికీ అలవాటైన మాట, అంతే అనుకున్నాం."

పెళ్లయిన కొత్తలో ఒక రాత్రి ఇద్దరూ నడిరోడ్డు మీద ఆగిపోయిన కథ ఆవిడ చిన్నప్పుడు విన్నదే. ఎందుకు ఆగిందన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. కారు అమ్మేసి నలభై ఏళ్లు దాటినా ఆ తల్లి అడుగుతూనే ఉంది. "క్షేమంగా వెళ్లిరండి" అనడానికి వాళ్ల ఇంట్లో ఉన్న మాట అది. అర్థం తెలిసిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండోవారికి చెప్పే మాటలు పోయాయి. చెప్పింది పాదం.

తాళాల గొడవ

ఇలాంటి పనిలో రాబోయే ప్రమాదాన్ని కూడా రాయాలి. ఆరో వారం సాయంత్రం మాస్టారు పక్కింటివాళ్ల కారు తలుపు లాగుతూ కనిపించారు. బండి తియ్యాలి, ఆవిణ్ణి తీసుకురావాలి, తాళాలివ్వండి అని గట్టిగా అడిగారట. కూతురు హడలిపోయింది. "మీరు గుర్తుచేయడం వల్లే కదా," అంది నాతో. ఆ మాటలో న్యాయముంది. జేబులు తడుముకోవడం నేను రాకముందు నుంచీ ఉంది. అది కారు తాళాల కోసమేనని ఇప్పుడనిపిస్తోంది. అయినా ఆ కోరికకి దారి చూపించింది నేనే.

ఆయన డ్రైవింగ్ మానిపించి అప్పటికి రెండేళ్లు దాటింది. ఆ నిర్ణయంలో మార్పు ఉండదు. చెయ్యి గేరు వేయగలగడం వేరు, ఎదురుగా వచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో అంచనా కట్టడం, మలుపులో నిర్ణయం తీసుకోవడం వేరు. చేతుల నేర్పు చూసి మురిసిపోయి కుటుంబాలు ఇక్కడ మెత్తబడతాయి. మెత్తబడకూడదు. ఇంట్లోని కారు తాళాలు కంటికి కనపడనిచోట పెట్టించాను. పక్కింటివాళ్లకి విషయం చెప్పించాను.

కానీ "మీరు నడపకూడదు" అని ఆయనకి రోజూ చెప్పడం వల్ల లాభం లేదు. ఆ వాక్యం నిలవదు, అవమానం మాత్రం నిలుస్తుంది. ఆయనకి నడిపేవాడి స్థానం ఇవ్వలేనప్పుడు ఇంకే స్థానం ఇవ్వగలను? రెండు రోజులు ఆలోచించాను. జవాబు నేను పిలుస్తున్న పిలుపులోనే ఉంది.

మనవరాలికి ఇరవై ఏళ్లు, అప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటోంది. గేరు మార్చినప్పుడల్లా బండి ఎగిరిపడుతోందని విసుక్కుంటోంది. ఏడో వారం నుంచి చెక్కదిమ్మల ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. మాస్టారి కుర్చీ పక్కన వేశాను.

ఆయన గొంతు మారింది. నడుము నిటారుగా అయింది. "క్లచ్ తొక్కు. న్యూట్రల్. వదులు. ఇప్పుడు యాక్సిలరేటరు, కొంచెం, కొంచెమే... మళ్లీ తొక్కు. ఇప్పుడు వెయ్యి." డబుల్ క్లచ్ అది. ఆయన బండిలో ఫస్టు గేరుకి సింక్రోమెష్, అంటే ఆ వేగాల్ని దానంతటదే కలిపే ఏర్పాటు, లేదు. కదులుతున్న బండిని ఫస్టులోకి తేవాలంటే ఇంజను వేగాన్నీ గేర్ల వేగాన్నీ నడిపేవాడే కాలితో కలపాలి, లేకపోతే పళ్లు గీరుకుంటాయి. ఇప్పటి బండికి ఆ అవసరం లేదని అమ్మాయి నోటిదాకా వచ్చింది. నేను వద్దని కళ్లతో సైగ చేశాను. వారం తిరిగేసరికి ఆ అమ్మాయే నాతో చెప్పింది: "ఆంటీ, గేరు మార్చేటప్పుడు క్లచ్ ఎందుకు తొక్కుతున్నానో నాకు ఇప్పుడే తెలిసింది. డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పలేదు."

ఒకసారి ఆ అమ్మాయి గేరు తప్పు వేస్తే, మాస్టారు వంగి కర్రని పట్టుకున్న ఆమె పిడికిలిని ఒక్కొక్క వేలూ విప్పారు. "పిసక్కూడదమ్మా. పిట్టని పట్టుకున్నట్టు పట్టుకో." ఆ వేళ్లకి అంత ఓపిక ఉందని ఆ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ చూడలేదు. కూతురు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చింది.

ఏం మారింది, ఏం మారలేదు

పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నలభై నిమిషాలు. మతిమరుపు పరీక్షలో మార్కులు పెరగలేదు, కొంచెం తగ్గాయి కూడా. పేర్లు తిరిగి రాలేదు. నా కేసులోనే కాదు, పెద్ద లెక్కల్లోనూ ఇంతే. 2018లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 22 అధ్యయనాలు కూర్చి చూసినప్పుడు, పాత జ్ఞాపకాలతో చేసే చికిత్స వల్ల కొన్ని లాభాలున్నా అవి చిన్నవే అనీ, పద్ధతిని బట్టి, చోటుని బట్టి మారుతున్నాయనీ తేలింది. జబ్బు నయమవుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

సాయంత్రాలు మాత్రం మారాయి. కూతురు చేత రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయించాను. మొదట్లో వారంలో ఇంచుమించు ప్రతి సాయంత్రమూ ఉండే తిరుగుడు, పాఠాలు మొదలయ్యాక సగం రోజులకి తగ్గింది. అయిదింటికి ముందే పాఠం పెట్టడం కూడా కలిసొచ్చి ఉండొచ్చు; ఆ వేళకి ఆయనకొక పని ఉంది, ఎదురుగా ఒక శిష్యురాలు ఉంది. కారు వల్లే అని నేను ఒట్టువేసి చెప్పలేను. నా వరకు నాకు అనిపించేది, కారు ఒక తలుపు, లోపల దొరికింది మాస్టారు.

ఇంకో మార్పు ఇంట్లోవాళ్లలో వచ్చింది. "గుర్తుందా నాన్నా?" అని అడగడం కూతురు మానేసింది. "ఎలా చేసేవారు నాన్నా?" అంటోంది. పంచె మడత పెట్టడం, కత్తెర పదును పెట్టడం, సుద్దముక్క విరిచి పట్టుకోవడం, అన్నీ అలాగే అడుగుతోంది. అన్నింటికీ జవాబు రాదు. రానప్పుడు ఆయన చిన్నబుచ్చుకోవడం మాత్రం తగ్గింది.

కేసు మూసేశాక ఆరు నెలలకి ఒకసారి చూడ్డానికి వెళ్లాను. జబ్బు ముందుకి జరిగింది. మాటలు ఇంకా తగ్గాయి, నన్ను పోల్చుకోలేదు. మనవరాలికి లైసెన్సు వచ్చింది. చెక్కదిమ్మలు కుర్చీ కిందే ఉన్నాయి, వాటిని తియ్యనివ్వరట. నోట్‌బుక్ ఇంకా రాస్తూనే ఉంది కూతురు. ముందు రోజు పేజీలో ఇలా ఉంది:

"పొద్దున అల్లరి లేదు. మాట లేదు. సాయంత్రం చిన్నది కారు తీస్తుంటే కిటికీ దగ్గర కూర్చున్నారు. ఎడమ కాలు రెండుసార్లు కదిలింది. తిప్పేశారు నాన్నా అన్నాను."